బంగారు వాచీ మీద గిన్నెల రాత

బంగారానికి తావి అబ్బినట్టు అంటారు పెద్దలు. నా చేతిలో పడిన బంగారానికి తావి అబ్బలేదు, చుక్కలు అబ్బాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పాత వాచీలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. నేను చెప్పబోయేది ఒక ఘోరం. పోయింది ఏళ్లనాటి బంగారు వాచీ పరువు. తీసింది నేను. ఆయుధం, కోయిలకుంట్ల పాత్రల అంగట్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను.

చిన్నతనంలో తెలియక చేశాను అని తప్పించుకునే దారి కూడా లేదు. ఇది జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. అప్పటికే నాకు డెబ్బై దాటాయి. ఇప్పటి నాకు అప్పటి నేను కనబడితే చెవి మెలిపెట్టి గోడకుర్చీ వేయిస్తాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను ఐదో తరగతిలో బడి మానేశానని ఊళ్లో అంటారు. అబద్ధం. బడే నన్ను మానేసింది. అయివారు నల్లబల్ల మీద భాగహారం తప్పు చేస్తే, తప్పని చెప్పాను. బెత్తం విరిగింది. ఆ లెక్క నాకింకా గుర్తుంది, ఇప్పటికీ నాదే ఒప్పు. ఆ తర్వాత బొరుగుల పొట్లాల కాగితాలు చదివి, ఊరికొచ్చిన ప్రతి కరపత్రం చదివి, నాకు నేనే అయివారునయ్యాను. మోటారు విప్పడం నేర్చాను, పశువులకు మందు పోయడం నేర్చాను. ఒక ఏడాది మాత్రం పత్తి విత్తనాల సంచీ మీది బొమ్మను నమ్మాను. చెట్లు నా రొమ్ము దాకా పెరిగాయి గానీ కాయ అనేది కాయలేదు. ఆ రోజు నుంచి లోకంలో నకిలీ కానిదంటూ నా కంటికి కనబడలేదు. తేనె నకిలీ, పురుగుమందు నకిలీ, పంచాయతీలో సాక్షి నకిలీ. ఏ వస్తువైనా ఊళ్లోకి వస్తే ముందు జకరయ్య చేతిలో పడాలి, జకరయ్య తిప్పి తిప్పి చూడాలి, తర్వాతే తక్కినవాళ్లు ముట్టుకోవాలి. అలా ఒక పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఇక మా దేవదానం అయ్యగారి సంగతి. ఆయన మా చర్చి పాస్టరు. కొత్తగా, పడుచు వయసులో మా ఊరికి వచ్చినప్పుడు ఆయన చేతికి వాళ్ల నాయన ఇచ్చిన బంగారు వాచీ ఉండేది. పలుచగా, ముచ్చటగా, ఆదివారం తెల్లచొక్కా మీద తళుక్కుమనేది. ఆయన వచ్చిన రెండో ఏడే కరువు. శనగ మొలవలేదు, జొన్న మొలవలేదు, కూలి లేదు. అయ్యగారు ఒకరోజు ప్రొద్దుటూరికి పోయి వచ్చారు. మణికట్టు మీద తెల్లని గుర్తు మాత్రం మిగిలింది. ఆ మరుసటి రోజు నుంచి చర్చి వెనక గంజి కాగింది. తర్వాత ఆయనకు ఎన్నో ఊళ్లకు బదిలీ అయింది గానీ మళ్లీ చేతికి వాచీ పెట్టలేదు. చివరి కొలువుకు అడిగి మరీ మా ఊరికే వచ్చారు.

ఆయన పదవీ విరమణ దగ్గర పడగానే సంఘమంతా ఒక మాట అనుకుంది. అయ్యగారికి ఆనాటి వాచీ లాంటిదే ఇవ్వాలి. కొత్తది కాదు, ఆ కాలందే. బంగారు పూత కాదు, బంగారమే. నేను లేచి నిలబడి అన్న మాట ఇదీ: "ఆయప్ప మనకు అసలైన గంజి పోసినాడు. మనం ఆయప్పకు నకిలీ వాచీ ఇస్తే మన్నుకు కూడా పనికిరాం."

ఎవరూ కాదనలేదు. అందరూ చందాలు వేసుకున్నారు. కోడిని అమ్మి ఇచ్చినవాళ్లున్నారు. కొనుక్కొచ్చే భారం నా మీద పడింది. పడిందేమిటి, నేనే వంగి నెత్తికెత్తుకున్నాను. తోడుగా సామేలును పంపారు. సామేలు సంఘం డబ్బుకు కాపలాదారు. నన్ను అన్నా అని పిలుస్తాడు గానీ తమ్ముడి నమ్మకం మాత్రం ఎన్నడూ చూపలేదు.

బయల్దేరే ముందు నెలరోజులు ఫోనులో పాత వాచీల వీడియోలు చూశాను. అందులో మాట్లాడేవాళ్ల భాష నాకు రాదు. వాళ్ల వేళ్లు ఎక్కడ ఆగితే నా కళ్లు అక్కడ ఆగాయి. దొంగను పట్టడానికి భాషెందుకు?

కడపలో ఖాదర్ సాయిబు అని పాత వాచీలమ్మే పెద్దమనిషి ఉన్నాడని విని, పోయి ఆయన ముందుగదిలో కూర్చున్నాం.

"చాయ్ తాగండి పెద్దాయనా. వాచీ యాడికీ పోదు" అన్నాడు సాయిబు.

"వాచీ పోకపోతే మంచిదే. మా దుడ్లు పోకూడదు గదా" అన్నాడు సామేలు.

సాయిబు మొదటి వాచీ తీశాడు. నేను భూతద్దం కంటికి ఆనించుకుని, తీర్పు చెప్పే జడ్జిలా గొంతు సవరించుకున్నాను.

"డయలు పెండ్లికూతురు మాదిరి మెరుస్తాంది. ఇంత ముసలి వాచీకి ఈ నిగనిగ యాడిది? మళ్లీ రంగేయించినారు. తీసెయ్."

సాయిబు కనుబొమ్మలు పైకి పోయాయి. "సహీ మాట. డయలు మళ్లా రాయించిందే" అని రెండోది తీశాడు.

"దీని అంచులు చూడు సామేలూ. వాడి వాడి అరిగిపోయిన సబ్బు మాదిరి ఉండాయి. మెరుగు పెట్టీ పెట్టీ బంగారమంతా అరగదీసినారు. ఇది వాచీ కాదు, వాచీ ఎముక."

"ఏమప్పా, అంతా నీకే తెలిసినట్టు మాట్లాడ్తాండావు" అని సామేలు గొణిగాడు.

సాయిబు మాత్రం లేచి లోపలికి పోయి, మఖమలు గుడ్డలో చుట్టిన మూడోది తెచ్చాడు. చూడగానే నాకు మాట పడిపోయింది. నాకు మాట పడిపోవడం అంటే ఏమిటో మా ఊళ్లో అడగండి. డయలు జున్ను రంగుకు తిరిగింది, ఒక మూల చిన్న గోధుమ మచ్చ. ముళ్లు డయలు మీది గీతలతో ఒకే బంగారం, ఒకే కాలం. అంచులు కొడవలి అంచుల్లా పదునుగా ఉన్నాయి. మూత విప్పించాను. లోపల బంగారం ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. లోపలి యంత్రం మీద ఉన్న పేరూ డయలు మీద ఉన్న పేరూ ఒకటే. వెనక మూత అద్దంలా ఉంది, ఎవరి గోరూ తగల్లేదు.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ వీడియోలకు తెలియని పరీక్ష ఒకటి నాకు తెలుసు. వాచీ అంచు నోట్లో పెట్టుకుని కొరికాను.

"అయ్యో పెద్దాయనా! వాచీ అసలుదే. ఆ పండ్లు అసలువేనా?" అన్నాడు సాయిబు.

కావు. కట్టుడు పళ్లు. నకిలీ పళ్లతో అసలు బంగారాన్ని పరీక్షించినవాణ్ణి ఈ సీమలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. సామేలు ఊరంతా చెప్పడానికి అప్పుడే ఆ ముక్కను మూట కట్టుకున్నాడు.

"సరే గానీ ఈ మచ్చ ఏందన్నా?" అన్నాడు సామేలు. "మచ్చ పడిన వాచీ అయ్యగారికి ఇస్తామా? తుడిపించి ఇయ్యమను."

"ఆ మచ్చే దాని సాక్షి రా! మచ్చ తుడిస్తే సాక్షిని చంపినట్టు. ఒరిజినల్ అంటే కొత్తది అని కాదు. ఎవురూ చెయ్యి పెట్టలేదు అని."

సాయిబు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ మాట అన్నారు, సంతోషం. నేను చెప్పేదీ అదే. మెరుగు పెట్టియ్యొద్దు, డయలు తుడిపియ్యొద్దు, ఈ మూత మీద ఒక్క గీత పడనియ్యొద్దు. ఇన్నేండ్లు ఎవురూ ముట్టలేదు. అదే దీని ఇజ్జత్."

"నాకు చెప్తాండావా?" అన్నాను కోపంగా.

ఆ కోపం తలచుకుంటే ఇప్పుడు నాకే ముచ్చటేస్తుంది. మునగబోయే పడవ నీళ్లను బెదిరించినట్టు ఉంది.

వాచీ కొన్నాం. మైదుకూరు దాటేదాకా బస్సులో సామేలుకు ఒరిజినల్ అంటే ఏమిటో బోధించాను. ముందు సీట్లో వాళ్లు కూడా విన్నారు. ఒకాయన తన వాచీ చూపించబోయి, నా ముఖం చూసి చొక్కా చేతి కిందికి దాచుకున్నాడు.

ఇంటికొచ్చాక చిక్కు మొదలైంది. పొద్దున కీ ఇస్తే, సాయంత్రానికి వాచీ బాగా వెనకబడుతోంది. నూనె ఎండిపోయింది, నమ్మకమైన మనిషితో నూనె వేయించుకోండని సాయిబు చెప్పే ఇచ్చాడు. నంద్యాలలో చేయి తిరిగిన రిపేరు మనిషి ఉన్నాడు. కానీ వారం రోజులు వాచీని అతని దగ్గరే వదిలి రావాలి.

వదిలి రావాలి! ఆ మాట వినగానే నా జీవితమంతా కళ్లముందు తిరిగింది. పడుచుతనంలో సైకిలు ఓవరాయిలింగుకు ఇస్తే, తోలు సీటు పోయి రెగ్జిను సీటు వచ్చింది. బోరు మోటారు చుట్టించడానికి ఇస్తే, రాగి తీగ సన్నబడి వచ్చింది. మేకపోతును ఒక రాత్రి బంధువుల కొట్టంలో కట్టేస్తే, పొద్దున్నే అది మేకపోతే గానీ మాది కాదు. ఎవరెవరు మార్చారో ఒక్కొక్కరి పేరు నాకు తెలుసు. వాళ్లలో సగం మంది చచ్చిపోయారు, నేను మాత్రం క్షమించలేదు. మరి ఇంత మచ్చలేని వాచీని, అంటే ఒకే మచ్చ ఉన్న వాచీని, ఎవడి చేతిలోనో పెట్టి ఎలా రావడం?

మా ఊళ్లో ఇలాంటి భయానికి మందొకటుంది. చర్చిలో ప్రేమవిందు అని సంఘమంతా కలిసి భోంచేస్తే అందరి తట్టలూ గిన్నెలూ కలిసిపోతాయి. అందుకని మా ఇళ్లలో పేరు లేని పాత్ర ఉండదు. కొన్నరోజే అంగట్లో చుక్కల మిషనుతో పేరు కొట్టించి ఇంటికి తెస్తాం. పేరుంటే అది మనది. పేరు లేకపోతే దొరికినవాడిది. చెంబు నుంచి నీళ్ల డ్రమ్ము దాకా ఇదే న్యాయం. ఈ న్యాయం బంగారానికి మాత్రం ఎందుకు వర్తించదు?

చూశారా, ఎంత పద్ధతిగా పోతున్నానో గోతిలోకి!

కోయిలకుంట్లలో పాత్రల అంగడి వెంకటేశు వాచీని అరచేతిలో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"దీని మీదనా పెద్దాయనా? బంగారు గదా ఇది?"

"బంగారమైతే చుక్క పడదా?"

"పడకేం, వెన్నలో పడినట్టు పడతాది. ఏం రాయల్ల?"

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆ అంగట్లో ఆ ప్రశ్నకు నా నోటికి ఒకే జవాబు అలవాటు. "సుం. జకరయ్య" అన్నాను.

జుర్రుమని మిషను మోగింది. ఎవరి గోరూ తగలని ఆ మూత మీద, రసం గిన్నె మీద ఉన్నట్టే, చుక్కలు చుక్కలుగా నా పేరు లేచింది.

వెంకటేశుకు చెయ్యి ఆగలేదు. "పక్కన పువ్వు కూడా ఏస్తా పెద్దాయనా, ఊరికే."

"పువ్వు వద్దప్పా. ఒరిజినాలిటీ చెడిపోతాది" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత వెంకటేశు దీన్ని అంగడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. వాడు చెప్పే ముందు నేనే చెప్పుకోవడం మర్యాద.

నంద్యాలలో ఇచ్చి, వారం తర్వాత తెచ్చుకున్నాను. వాచీ సరిగ్గా నడుస్తోంది. వెనక తిప్పి చూశాను. నా పేరు నాకు కనబడింది. మారలేదు! లోకంలో మోసగాళ్లందరినీ ఒక్క దెబ్బతో ఓడించినంత గర్వంతో ఊరికి వచ్చాను.

శనివారం పొద్దున చర్చిలో పెద్దల కూటం. మర్నాడే అయ్యగారి వీడ్కోలు ఆరాధన. వాచీ చేతులు మారుతూ పోయింది. అబ్బా అన్నారు, ఎంత పలుచన అన్నారు, అచ్చం ఆయప్పదే అన్నారు. చివరికి సామేలు చేతికొచ్చింది. సామేలు వస్తువును తిప్పి చూడకుండా ఉండడు. ఆ జబ్బు వాడికి నా దగ్గరే అంటుకుంది.

"అన్నా, ఇదేంది?"

"ఏది?"

"ఈ చుక్కలు. సుం. జకరయ్య."

 చర్చిలో గొంతులన్నీ ఒకేసారి లేచాయి.

"ఊరంతా చందా ఏస్తే నీ పేరా కొట్టించుకుంటివి?"

"నేను కోడిని అమ్మి ఇచ్చినానప్పా! నా కోడి పేరన్నా కొట్టించక పోతివా?"

"అది పేరు కాదప్పా, గుర్తు! మార్చకుండా కాపలా!" అని నేను అరిచాను.

"కాపలాకు కుక్క బొమ్మ కొట్టించాల్సింది" అన్నాడు సామేలు. "బస్సులో నాకు ఏం చెప్పినావు? ఎవురూ చెయ్యి పెట్టనిదే ఒరిజినల్ అంటివి. నువ్వు మిషను పెడితివి గదన్నా!"

అప్పుడు, అంతమంది మధ్యలో, సాయిబు మాట నా చెవిలో మోగింది. ఒక్క గీత పడనియ్యొద్దు. ఇన్నేళ్లూ ఎవరూ ముట్టని దాన్ని కడప నుంచి పదిలంగా తెచ్చి, రసం గిన్నెను చేశానని నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ తెలియలేదు. నా మీద ఒట్టు. బెంచీ మీద కూలబడ్డాను. అయ్యగారి మణికట్టు మీద ఆనాటి తెల్లని గుర్తు గుర్తొచ్చింది. ఆయనకు రేపు నేను ఇవ్వబోయేది ఇదా?

రుద్ది తీసేయిద్దామన్నారు. వెంకటేశుకు ఫోను చేస్తే, మూత పలుచన, రుద్దితే చిల్లు పడుతుందన్నాడు. వేరేది కొందామంటే ఆదివారం రేపే. ఒకరికొకరికి మాటా మాటా పెరిగి, చివరికి సంఘం తీర్పు చెప్పింది. ఒకడి పేరుంటే తప్పు గానీ అందరి పేర్లూ ఉంటే తప్పెందుకవుతుంది? కొట్టియ్యండి అందరివీ!

మధ్యాహ్నానికి వెంకటేశు మిషనుతో సహా చర్చికి వచ్చాడు. మైకు సెట్టు తీగకు మిషను తగిలించాడు. రేషను అంగడి ముందు నిలబడినట్టు జనం వరసగా నిలబడ్డారు. ఇంటికొక పేరు అని సామేలు కేకలు వేశాడు.

"ఇంటికొకటి అయితే నా పేరే కొట్టల్ల. కోడి నాది" అంది సువార్తమ్మ.

"మా నాయన పేరు కొట్టప్పా. గంజి తాగింది ఆయన. నేను అప్పటికి పుట్టలే" అన్నాడు ఇంకొకడు.

ఆ మాటతో వరసలో చాలామంది తమ పేరు వద్దని, పోయిన పెద్దవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. వెనక మూత నిండింది. లోపలి వైపు నిండింది. పక్క అంచుల మీదికి, బెల్టు బకిలు మీదికి పేర్లు పాకాయి. ఒక్కొక్క జుర్రుకూ నా గుండె మీద చుక్క పడినట్టు ఉలిక్కిపడుతూ వాచీని నేనే పట్టుకుని కూర్చున్నాను. ఉలిక్కిపడి రెండు పేర్లు వంకర చేశాను కూడా.

ఆదివారం వచ్చింది. పాటలయ్యాయి, ప్రార్థనయింది. సామేలు వాచీ పెట్టె అయ్యగారి చేతికిచ్చాడు. తెరిచి డయలు చూశారు. ఆయన ముఖంలో ఏదో పాత వెలుతురు వచ్చి నిలబడింది. వాచీని బొటనవేలితో నిమిరారు. నిమురుతున్న వేలికి గరుకు తగిలింది. వెనక్కి తిప్పారు.

నేను ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, అది అసలుదే. కడపలో సాయిబు ఇచ్చినప్పుడు మూత మీద గీత గూడా లేదు. చెడగొట్టింది నేను. నా తెలివి చెడగొట్టింది. సంఘాన్ని ఏమీ అనొద్దండి."

అయ్యగారు చేత్తో కూర్చోమన్నట్టు సైగ చేసి, కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. ఒక్కొక్క పేరే చదివారు. పైకి, నిదానంగా. ఏసోబు. దీనమ్మ. కూలి నరసన్న. సువార్తమ్మ. పేరు పలికినప్పుడల్లా ఒక బెంచీ మీద ఎవరో ఒకరు తల వంచుకున్నారు. పోయినవాళ్ల పేర్లు కూడా వచ్చాయి. లోపలి వైపు ఉన్నాయని వెంకటేశు వెనక నుంచి చెబితే, మూత తీయించి అవీ చదివారు.

"గంజి కాచినన్నాళ్లూ ఎవురెవురు తాగినారో నేను రాసుకోలేదు" అన్నారు చివరికి. "రాసుకుంటే అది అప్పు అవుతాదేమో అనిపించింది. మీరు మర్చిపోయినారనే అనుకుంటి. మీరే రాయించుకొని తెచ్చినారు."  నా పక్కన సామేలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత అయ్యగారు మళ్లీ వాచీ వైపు చూసి, నా వైపు చూశారు.

"జకరయ్యన్నా, ఒక పేరు తక్కువుండాదే. పొద్దస్తమానం పొగలో నిలబడి ఆ గంజి కలబెట్టింది మీ ఇంటామె గదా. రాహేలమ్మ పేరు యాడ?"

చర్చి మొత్తం నావైపు తిరిగింది. నేను రాహేలు వైపు తిరగలేదు, తిరిగే ధైర్యం లేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమె గొంతు మాత్రం వినబడింది.

"ఊరోళ్ల పేర్లన్నీ కొట్టించినాడయ్యా ఈ మహానుభావుడు. నా పేరే ఆయనకు తెలిసినట్టు లేదు. పెండ్లయి యాభై ఏండ్లు దాటిండాది, తెలుస్తాది లెండి మెల్లగా."

"చోటు లేదు అయ్యగారూ" అన్నాను.

"ఉండాది" అన్నారు అయ్యగారు, వాచీ వెనక వేలు పెట్టి చూపిస్తూ. "నట్టనడి మధ్యలో, అందరికంటే పెద్దక్షరాలతో ఒక పేరుండాది. దాన్ని కొట్టేయించి, పైన ఆమె పేరు కొట్టియ్యి."

ఆమేన్ అంది సంఘం. మా సంఘం అంత గట్టిగా ఆమేన్ అనడం నేను ఎన్నడూ వినలేదు.

ఆరాధన కాగానే వెంకటేశు నా పేరు మీదుగా చుక్కల గీత ఒకటి లాగి, పైన రాహేలమ్మ అని కొట్టాడు. నన్ను అడక్కుండానే పక్కన పువ్వు కూడా వేశాడు. ఇప్పుడు ఆ వాచీ మీద మా సంఘంలో ప్రతి ఇంటి నుంచీ ఒక పేరుంది, మా ఇంటి నుంచి నాది కాదు, రాహేలుది. అయ్యగారు దాన్ని రోజూ పెట్టుకుంటున్నారట. టైము ఎంతని ఎవరైనా అడిగితే ముందు వెనకవైపు చూపిస్తారట.

కాబట్టి చదువరులారా, నిండు సభలో నిలబడినట్టు భావించుకుని, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ వాచీ తెచ్చి ఇది అసలుదేనా అని అడిగినా, టైమెంతయింది అని మాత్రమే అడుగుతాను. మిషనుకూ నాకూ మధ్య ఎప్పుడూ పది బారల దూరం ఉంచుతాను. గిన్నె మీద గానీ, బంగారం మీద గానీ, బతికున్నంత కాలం నా పేరు కొట్టించను. పోయాక సమాధి రాయి మీద ఒక్కసారి కొట్టిస్తే చాలు. అదీ రాహేలు ఒప్పుకుంటేనే.